బరంపురం వంటింట్లో సాలిసిలేట్ల లెక్క: పద్నాలుగు వారాల నమోదు

నాకు మూడేళ్ళుగా ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోతూ ఉండేవి. అలర్జీ పరీక్షలలో ఏమీ బయటపడలేదు. ఒకసారి జ్వరానికి ఆస్పిరిన్ వేసుకున్న రాత్రి మాత్రం ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి. చర్మవ్యాధుల డాక్టరు గారు ఆ సంగతి పట్టుకొని, ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టాలైన సాలిసిలేట్లు మనం తినే మొక్కలలో సహజంగానే ఉంటాయనీ, వాటిని కొన్నాళ్ళు తగ్గించి చూడమనీ చెప్పారు. ఆయన రెండు షరతులు పెట్టారు. వారానికోసారి బరువు చూసుకోవాలి. పెదవులు గానీ గొంతు గానీ వాచినా, ఊపిరి బిగిసినా ఇంట్లో ప్రయోగాలు మానేసి వెంటనే ఆసుపత్రికి రావాలి. మేడ మీద కూరగాయలు పెంచడమూ, ఆదివారాలు వంట చేయడమూ నాకు ముందునుంచీ ఉన్న సరదాలే కనుక ఈ పనిని కూడా అదే శ్రద్ధతో పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను.

మొదటి వారమంతా చదవడంతోనే సరిపోయింది. సిడ్నీ పరిశోధకులు 1985లో 333 ఆహార పదార్థాలలో సాలిసిలేట్లను కొలిచి పట్టికగా ప్రచురించారు. అందులో మసాలా దినుసులు అన్నిటికంటే పైన ఉండడం చూసి నాకు నిజంగా దిగులు కలిగింది. పచ్చళ్ళకూ అప్పడాలకూ పేరు మోసిన ఊళ్ళో పుట్టి, పసుపూ కారమూ ధనియాలూ లేకుండా ఏం వండుకోవాలి? పురుగుల నుంచీ తెగుళ్ళ నుంచీ కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే పదార్థమే ఇది కనుక తొక్కలో ఎక్కువగా ఉంటుంది. అందుకే బంగాళాదుంపనూ బేరి పండునూ తొక్క మందంగా తీసి వాడాలి. వేర్వేరు ప్రయోగశాలల అంకెలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి పట్టికను దారి చూపడానికే వాడుకొని, తీర్పును నా ఒంటికే వదిలేశాను.

రెండో వారం నుంచి అన్నం, పెసరపప్పు, తొక్క తీసిన బంగాళాదుంప, క్యాబేజీ, బెంగళూరు వంకాయ, వెల్లుల్లి, పాలు, గుడ్డు, నెయ్యి, ఉప్పు, ఇంతే. పొరుగింటి ఒడియా మావుసీ నా అవస్థ చూసి సంతుళా చేసి చూపించింది. కూరగాయ ముక్కలను ఉప్పునీళ్ళలో సగం ఉడికించి, అరగ్లాసు పాలు పోసి, చివర నేతిలో వేయించిన వెల్లుల్లి వేయాలి. అయిదు దినుసులు కలిపి వేసే పంచఫుటన పోపు మాత్రం నేను మానేశాను. ఇంతకంటే మంచి దారి గసగసాలతో దొరికింది. గసగసాలలోనూ పచ్చి జీడిపప్పులోనూ సాలిసిలేట్లు చాలా తక్కువ. రెండు చెంచాల గసగసాలనూ ఎనిమిది జీడిపప్పులనూ వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, వెల్లుల్లి రెబ్బలతో మెత్తగా రుబ్బి, ఉడికిన బంగాళాదుంప ముక్కలలో కలిపి సన్నని సెగ మీద అయిదు నిమిషాలు ఉంచితే కూర చిక్కబడి అంచుల వెంట నెయ్యి తేలుతుంది. కారం లేదన్న లోటు ఆ కూర తిన్నప్పుడు మాత్రమే నాకు తెలియలేదు.

చారు దగ్గర ఇంట్లో పేచీ వచ్చింది. "ఒరే నాన్నా, చింతపండు వెయ్యని చారు చారేనా?" అని అమ్మ బాధపడింది. అరలీటరు పప్పుకట్టుకు ఒక గ్రాము నిమ్మఉప్పు వేసి, నేతిలో వెల్లుల్లి వేయించి కలిపాను. పులుపు నాలుకకు సూటిగా తగులుతుందే గాని చింతపండు కమ్మదనం రాదు. అయినా అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

ఇంత కట్టుదిట్టంగా తిన్నా మూడో వారంలో దద్దుర్లు మళ్ళీ వచ్చాయి. పుస్తకం మూడుసార్లు తిరగేసినా తిండిలో తప్పు కనబడలేదు. అప్పుడు మా ఆవిడ మంచం పక్కనున్న నొప్పుల మందు సీసా చేతికిచ్చి, వెనక రాసింది చదవమంది. మిథైల్ సాలిసిలేట్! మోకాలికి రాత్రీ పగలూ రుద్దుకుంటున్నది అదే, అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. దాన్నీ, పుదీనా వాసన వేసే పళ్ళపేస్టునూ మానేసిన తొమ్మిదో రోజుకు ఒళ్ళు శుభ్రపడింది. ఈ దారిలోకి వచ్చేవారు వంటింటి కంటే ముందు స్నానాలగదీ మందుల డబ్బా వెతకాలని గట్టిగా చెబుతాను.

ఆరో వారం నుంచి పరీక్షలు మొదలుపెట్టాను. గ్రాములో పదోవంతు చూపే చిన్న డిజిటల్ కాటా కొన్నాను. పసుపు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి కలిపి దంచిన కూరపొడిని మొదటి రోజు ఒక గ్రాము, రెండో రోజు రెండు, మూడో రోజు నాలుగు గ్రాములు తిన్నాను. మూడో రోజు రాత్రి పదకొండు గంటలకు మోచేతుల దగ్గర దురద మొదలై, తెల్లవారేసరికి నడుము దాకా పాకింది. పూర్తిగా తగ్గేదాకా ఆగి, మరో మూడు రోజులు ఖాళీగా వదిలి, ఈసారి రోజుకు రెండు గ్రాముల చొప్పున వారమంతా తిన్నాను, ఏమీ కాలేదు. అదే రెండు గ్రాములకు పది గ్రాముల చింతపండు చేర్చితే నాలుగో రోజున దద్దుర్లు వచ్చాయి. ఏ దినుసూ విడిగా దోషి కాదు, రోజురోజుకూ కలిసే మొత్తమే నా హద్దు దాటుతోందని అప్పుడు తెలిసింది. నిన్నటి పప్పును లెక్కలో వేయకుండా ఇవాళ్టి పులుసును తప్పుపట్టడం వల్లనే మూడేళ్ళు నాకు ఏదీ అంతుబట్టలేదు.

చేపల పరీక్ష పదో వారంలో. ఇక్కడ చూడవలసింది సాలిసిలేట్లను కాదు, మాంసకృత్తులు విరిగేటప్పుడు పుట్టే ఎమైన్లనే పదార్థాలను. పట్టిన చేప వెచ్చగా ఉన్నకొద్దీ బ్యాక్టీరియా దానిలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని, ఒళ్ళు ఎర్రబరిచి దురద రేపే హిస్టమిన్ అనే ఎమైన్‌గా మారుస్తుంది. కానాగంతల వంటి చేపలలో హిస్టిడిన్ ఎక్కువ కనుక ఆ ప్రమాదమూ ఎక్కువే. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండితే పోదు, గడ్డకట్టిస్తే పోదు. బజారులో సాయంత్రం కొన్న కానాగంతలు తిన్న గంటకే నా ముఖం ఎర్రబడింది. పై వారం పొద్దున్నే ఐసు పెట్టెతో గోపాలపురం సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. మన తెలుగు పల్లెకారులే పడవ లాగుతున్నారు. "ఇప్పుడే వల్లోంచి తీసినాం బాబూ, మొప్పలు చూసుకో" అంటూ ఒకాయన చేప తల వెనక్కి వంచి చూపించాడు. మొప్పలు తడి నెత్తురులా మెరుస్తున్నాయి. అక్కడే పొట్ట చీల్పించి, ఐసులో కప్పి, మూడు గంటలలోపు వండుకున్నాను. అవీ కానాగంతలే, కొలతా అంతే, కానీ ముఖం మీద ఏ మార్పూ రాలేదు. మర్నాడు కూడా అలాగే చేశాను, ఏమీ కాలేదు. మిగిలిన చేపను ఇప్పుడు ఫ్రిజ్‌లో దాచుకోవడం లేదు, వండిన వెంటనే పంచేస్తున్నాను.

అజినొమొటో పరీక్ష రెండు రోజులలో ముగిసింది, దానితో నాకు పేచీ లేదు.

బరువు 61.4 కిలోల నుంచి 59.8కి వచ్చింది, డాక్టరు గారు పాలూ గుడ్లూ పెంచమన్నారు. మేడ మీద క్యాబేజీ నారు పదహారు కుండీలలో నిలదొక్కుకుంది, బెంగళూరు వంకాయ తీగ పందిరి ఎక్కింది. ప్రస్తుతం రోజుకు రెండు గ్రాముల కూరపొడి, వారానికి రెండుసార్లు అయిదేసి గ్రాముల చింతపండు నిశ్చింతగా తింటున్నాను. వచ్చే సోమవారం నుంచి ముప్పై గ్రాముల టమాటాతో మొదలుపెడతాను, దాని తర్వాత అమ్మ నా కోసం విడిగా తీసిపెట్టిన ఆవకాయ జాడీ ఉంది.