మాగూ కొట్టించినవాణ్ణి నేనే

సెలవుకి విశాఖ వచ్చిన మర్నాడు జాలరిపేట ఒడ్డున నడుస్తుంటే మావయ్య అడిగాడు: "ఏట్రా, మాల్దీవుల్లో నీ పనేటి? మొక్కలకి నీళ్లు పొయ్యడమేనా?"

నిజానికి మొదటి రెండేళ్లూ అదే పని. రిసార్టులో తోట. పచ్చికా, మందారాలూ మట్టితో సహా ఓడలో దిగేవి. అక్కడి నేలంతా పగడపు ఇసుక, ఒట్టి సున్నం. మొక్కకి ఇనుము అందక ఆకులు పసుపెక్కేవి. డీజిల్ కాల్చి సముద్రపు నీటిని మంచినీళ్లు చేసి, వాటిని పచ్చికకి పోసేవాళ్లం. ఒడ్డునున్న మాగూ అనే అక్కడి పొదకి మాత్రం చెంబెడు పోసిన పాపాన పోలేదు.

మాగూ ఆకు దళసరిగా, మైనం పూసినట్టుంటుంది. పువ్వు చూస్తే నవ్వొస్తుంది: సగం ఎవరో చింపుకుపోయినట్టు రేకులన్నీ ఒకవైపే. తెల్లటి కాయ ఉప్పునీళ్లలో తేలుకుంటూ పోయి, ఏ దీవికి చేరితే అక్కడ మొలుస్తుంది. పక్కనే బోషి. ఆకు నిండా వెండి నూగు, ఎండ దాని మీద పడి వెనక్కి పోతుంది. కురెది ఇంకా మొండిది, అలల తుంపర పడే రాళ్లలో కూడా పెరుగుతుంది. వెనకటివాళ్లు దాని చేవతో పడవలకి మేకులు చెక్కేవారని చెప్తే మావయ్య నిలబడిపోయాడు. "మేకా? మన తెప్పకి తాడే గదరా!"

అసలు సంగతి ఆయనకి చెప్పలేదు. గదిలోంచి సముద్రం కనబడాలని పైవాళ్లంటే నలభై అడుగుల మేర మాగూని నేనే కొట్టించాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్లో చెట్లని ఎలా పడుకోబెట్టిందో కళ్లారా చూసినవాణ్ణి, గాలి అంటే ఏంటో తెలిసినవాణ్ణి. అయినా కత్తి ఆగలేదు. నైరుతి గాలి మొదలైన రెండు వారాలకి సరిగ్గా ఆ మేరే ఇసుక కోసుకుపోయి, గది మెట్టు గాల్లో వేలాడింది. కొట్టమన్నవాళ్లెవరూ నోరు విప్పలేదు. మాటలు పడ్డది నేను, ఆ నెల ఓవర్‌టైమ్ పోగొట్టుకున్నదీ నేనే.

తర్వాత మాగూ కొమ్మలే విరిచి, డ్యూటీ అయ్యాక జానెడు దూరంలో గుచ్చుకుంటూ పోయాను. మందారాల్లా అలగవవి.

నిన్న నాతో పనిచేసే బంగ్లాదేశ్ కుర్రాడు ఫొటో పంపాడు, మోకాలెత్తు వచ్చాయి. మావయ్యకి చూపించాను. కళ్లజోడు తేలేదంటూ ఫోన్ దూరం పెట్టి చూసి, "ఏటిది, తోటకూరా?" అన్నాడు.