ఎంట్రీ 78: మినహాయింపు దొరికాకే మొదలైంది అసలు తలనొప్పి

ఐరోపా మార్కెట్లో అమ్మే మా పెయింట్లకు మైక్రోప్లాస్టిక్స్ కాగితాలన్నీ ఎట్టకేలకు ఓ కొలిక్కి వచ్చాయి. మైక్రోప్లాస్టిక్స్ అంటే ప్లాస్టిక్ వంటి పాలిమర్ల సన్న రేణువులు. అవి కలిపిన సరుకు అమ్మకాన్ని, కొన్ని మినహాయింపులతో, నిషేధించే నియమం సంగతి ఇది: 2023 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ 2023/2055 రెగ్యులేషన్, అంటే రీచ్ (అక్కడి రసాయనాల చట్టం) అనెక్స్ 17లోని ఎంట్రీ 78.

సరుకు దీని పరిధిలోకి వస్తుందా లేదా అన్నది ఇట్టే తేలుతుంది. 5 మి.మీ. లోపు ఘన పాలిమర్ రేణువులు బరువులో 0.01 శాతం, అంటే టన్నుకు 100 గ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే వచ్చినట్టే. 50 శాతం సాలిడ్స్ (ఆరాక మిగిలే పాలిమర్) ఉన్న యాక్రిలిక్ ఎమల్షన్ టన్ను పెయింటులో 250 కిలోలు పోస్తే పాలిమరే 125 కిలోలు. కాకపోతే ఆరి పొర కట్టాక అవి రేణువులుగా మిగలవు కాబట్టి పేరా 5(బి) మినహాయింపు కింద అమ్ముకోవచ్చు. పొరలో ఇరుక్కుపోయే వ్యాక్స్, మెరుపు తగ్గించే మ్యాటింగ్ పూసలకు 5(సి). ఫ్యాక్టరీల్లోనే వాడే పౌడర్ కోటింగ్‌కు 4(ఎ).

మినహాయింపు వచ్చింది కదా అని ఫైలు మూసేసినవాళ్లను చూశాను. అది అమ్మకానికి మాత్రమే. 2025 అక్టోబర్ 17 నుంచి వాడకం, పారవేత సూచనలు డబ్బా మీదో, దానితో ఇచ్చే కరపత్రంలోనో, ఫ్యాక్టరీలకు అమ్మే సరుకుకైతే సేఫ్టీ డేటా షీట్‌లోనో ఉండి తీరాలి. 2026లో పర్యావరణంలోకి ఎంత పోయిందో అంచనా కట్టి 2027 మే 31 లోగా ఐరోపా రసాయనాల సంస్థ ఈకాకు పంపాలి.

ఏడిపించింది మాత్రం ముడిసరుకు సప్లయర్లే. ఎమల్షన్ గురించి అడిగితే, ‘మేము కావాలని మైక్రోప్లాస్టిక్స్ కలపలేదు’ అని ఒక లెటరు. ఎమల్షన్ అంటేనే నీళ్లలో పాలిమర్ రేణువులు కదా, ఇంక కలిపేదేమిటి? మళ్లీ అడిగితే ‘వర్తించే నిబంధనలకు లోబడి ఉంది’ అని గోడ మీద పిల్లి జవాబు. మూడో మాటకు ట్రేడ్ సీక్రెట్ అంటారు. ఫార్ములా ఎవడడిగాడు? పేరా 7 ప్రకారం ఫ్యాక్టరీలకు ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు 2025 అక్టోబర్ 17 నుంచి నాలుగు విషయాలు ఇవ్వాల్సిందే: సూచనలు, ఎంట్రీ 78 వర్తిస్తుందన్న వాక్యం, రేణువుల శాతం, పాలిమర్ రకం. ‘స్టైరీన్ యాక్రిలిక్’ అన్నంత వివరం సరిపోతుంది. పేరా నంబరు వేసి ఈ నాలుగే అడగండి. ‘మైక్రోప్లాస్టిక్స్ ఉన్నాయా’ అని అడిగారో, మళ్లీ ఆ లెటరే వస్తుంది.

నీళ్లలో కరిగే పాలిమర్‌కు ఈ నియమం వర్తించదు. సప్లయర్ ‘కరుగుతుంది, మాకు వర్తించదు’ అంటే టెస్ట్ రిపోర్టు తెప్పించండి. 20 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో లీటరుకు 2 గ్రాములకు మించి కరగాలి. పెయింటును చిక్కబరిచే సెల్యులోజ్ థిక్కెనర్లకు ఇది సాధారణంగా ఇబ్బంది కాదు. ఎమల్షన్ రూపంలో వచ్చే యాక్రిలిక్ థిక్కెనర్ మాత్రం క్షారం తగిలాకే కరుగుతుంది. దాని రిపోర్టులో పీహెచ్ గడి చూడకుండా సంతకం పెట్టకండి. సాల్వెంట్ పెయింట్లవాళ్లు మాకేం లేదనుకుంటారు. వాటిలోని ఆల్కిడ్ రెసిన్ సాల్వెంట్‌లో కరిగే ఉంటుంది, నిజమే. టన్నుకు 5 కిలోలు వేసే పాలిథిలిన్ వ్యాక్స్ పొడి కరగదు. అదొక్కటే 0.5 శాతం, పరిమితికి యాభై రెట్లు.

ఈకాకు పంపే, పర్యావరణంలోకి పోయిన పరిమాణం లెక్కకు అమ్మిన పెయింటు మొత్తం రాయకండి. బ్రష్, రోలర్ కడిగిన నీళ్లలో పోయేదీ, డబ్బా అడుగున మిగిలి డ్రైనేజీ పాలయ్యేదీ రాయాలి. పై ఎమల్షన్ పెయింటులో ఒక శాతం కడుగులో పోతుందనుకుంటే టన్నుకు 1.25 కిలోల పాలిమర్. ఆ ఒక శాతం ఎక్కడిదో ఫైల్లో రాసి పెట్టాలి. ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగిన నీళ్లది వేరే లెక్క, 4(ఎ) కింద. రెండూ కలిపితే విడదీయడం నరకం.

పర్చేజ్ వాళ్లు ధర తగ్గిందని ఎమల్షన్ మార్చి మనకు చెప్పరు. కొత్త ముడిసరుకు కోడ్ తెరిచే ఫారంలోనే పై నాలుగు గడులూ పెట్టించి, అవి నిండకపోతే సిస్టమ్ ఆర్డరు తీసుకోకుండా చేయించాను. ఇప్పుడు వాళ్లే సప్లయర్ వెంట పడుతున్నారు.