చీమకుర్తి దాకా వెళ్ళి ఎడ్జ్ పాలిష్ మిషన్ చూసొచ్చాం

ఖమ్మం నుంచి ఒంగోలుకి డైరెక్ట్ ట్రైన్లు ఉంటాయి కాబట్టి ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, విజయవాడ, తెనాలి, చీరాల దాటి పొద్దున్నే దిగిపోయాం. నాతో మా గ్రానైట్ షాపులో మోల్డింగ్ పని, అంటే రాయి అంచులు అరగదీసి మెరుగు పెట్టే పని చేసే మేస్త్రీ బాబాయ్ కూడా వచ్చాడు, ఆయన చూసి ఔనంటేనే ఆ అంచుల పని చేసే మిషన్ కొందామని నా ఆలోచన. ఒంగోలులో కర్నూలు రోడ్డు బస్సు ఎక్కితే సంతనూతలపాడు తర్వాత చీమకుర్తి వస్తుంది, ఊరు దగ్గర పడేకొద్దీ ఫ్యాక్టరీ షెడ్లు, బ్లాకుల లారీలు, ఎటు చూసినా రాయే. బ్లాక్ గెలాక్సీ పుట్టిల్లు ఇదే కదా. ఆ నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, మనం గ్రానైట్ అంటాం గానీ జియాలజీ వాళ్ళ లెక్కలో అది గాబ్రో జాతి రాయి.

తెలిసినవాళ్ళ ఫ్యాక్టరీలో మిషన్ నడుస్తోంది. స్లాబ్ ముక్కని పాలిష్ మొహం పైకి పెట్టి బెల్ట్ మీద పడుకోబెడతారు, అంచు కొంచెం బయటికి ఉంటుంది, పైనుంచి రబ్బరు చక్రాలు కదలకుండా నొక్కి పట్టుకుంటాయి. అలా ముందుకి జరుగుతుంటే వరసగా ఉన్న మోటార్ల దగ్గరికి అంచు వెళ్తుంది, మొదట మెటల్ డైమండ్ వీల్ కటింగ్ గీతలు తీసేసి లెవెల్ చేస్తుంది, తర్వాత రెజిన్ వీల్స్ నంబర్ల వారీగా ముతక నుంచి సన్నానికి, చివర్లో మెరుపు తెచ్చే బఫ్ వీల్. ఇంకో రెండు మోటార్లు 45 డిగ్రీల కోణంలో పైనా కిందా చాంఫర్ కొడతాయి, అంటే పదునుగా ఉండే అంచు కొసని ఏటవాలుగా కొద్దిగా చెక్కేస్తాయి. వీల్‌ని అంచు మీదికి నొక్కేది గాలి ప్రెషర్, అందుకే పక్కన కంప్రెసర్ పెట్టారు. ప్రతి వీల్ దగ్గరా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నాకు బాగా నచ్చింది ఏంటంటే ముక్క ఎక్కడ మొదలైంది ఎక్కడ అయిపోయింది సెన్సార్ చూసుకుంటుంది, దాన్ని బట్టి వీల్ ముందుకొచ్చి వెనక్కి పోతుంది, లేకపోతే మూలలు అరిగిపోయి గుండ్రంగా అయిపోతాయి.

స్పీడ్ మాత్రం జనం అనుకునేంత లేదు, మేం చూసినప్పుడు నిమిషానికి మీటరు లోపే నడిపారు. నల్లరాయికి తొందర పనికిరాదు, ఒక్క నంబర్ వీల్ సరిగ్గా అరగదీయకపోయినా అంచు బూడిదరంగులో కనిపిస్తుంది, పైన అద్దంలా ఉండి అంచు మసకగా ఉంటే కస్టమర్ కన్ను ముందు అక్కడికే పోతుంది.

బాబాయ్ బయటికొచ్చిన ముక్క అంచు మీద గోరు పెట్టి చివరిదాకా లాగాడు. తర్వాత ఆపరేటర్ కుర్రాణ్ణి "మందం తేడా ఉన్న రాయి పెడితే ఏమవుద్దయ్యా?" అని అడిగాడు. అసలు ప్రశ్న అదే. ఒకచోట 16 ఎంఎం, ఇంకోచోట 18 ఉన్న స్లాబ్ పెడితే పై చాంఫర్ ఒకచోట సన్నగా ఒకచోట వెడల్పుగా వస్తుందట. "ముందు కొలిచే పెట్టాలి మేస్త్రీ గారూ, మిషన్‌కి రాయి గురించి తెలియదు" అన్నాడు ఆ అబ్బాయి. పైగా ఈ రకం మిషన్ తిన్నని అంచులకే, మెట్ల నోసింగులు (మెట్టు ముందంచులు), కిచెన్ గట్లు, గడపలు ఇవన్నీ ఓకే, సింక్ కటింగ్ లోపలి అంచు, రౌండ్ టేబుల్ మాత్రం మళ్ళీ చేతిపనే.

నాకైతే లాభం లెక్క కంటే నీళ్ళ వల్ల ఆ షెడ్‌లో దుమ్ము లేకపోవడమే పెద్ద విషయం అనిపించింది. మన సైట్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, పొడి గ్రైండర్ పెట్టి మొహానికి కండువా కట్టుకుని రోజంతా కొడతారు. రాతిలోని సిలికా సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే సిలికోసిస్, అది వస్తే నయం చేసే మందు లేదు, కండువా ఆ దుమ్ముని ఆపదు. కంపెనీలో తయారయ్యే క్వార్ట్జ్ స్లాబుల్లో చాలావాటిలో సిలికా 90 శాతం పైగా ఉంటుంది, ఆస్ట్రేలియా అయితే ఇలాంటి రాయిని 2024 జులై 1 నుంచి బ్యాన్ చేసేసింది. బాబాయ్‌కి చాలా ఏళ్ళుగా దగ్గు, ఎక్స్‌రే తీయిద్దామంటే వినేవాడు కాదు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో తనే అడిగాడు ఎప్పుడు వెళ్దాం అని.

మిషన్ కొంటున్నాం. కానీ ముందు షెడ్ వెనకాల స్లర్రీ, అంటే రాతిపిండి కలిసిన నీళ్ళు దిగడానికి ట్యాంకులు కట్టాలి, అంత నీళ్ళు బోరు నుంచి తోడి కాలవలోకి వదిలేస్తే కుదరదు, పిండి అడుక్కి దిగాక పైనీళ్ళు మళ్ళీ మిషన్‌కే వాడుకోవాలి. కంప్రెసర్ మాత్రం అవసరమైనదానికంటే ఒక సైజు పెద్దది చెప్తున్నాం, సింక్ అంచుల పనికి దాని మీదే గాలితో నడిచే వాటర్ గ్రైండర్ వేసుకోవచ్చు, నీళ్ళు పోస్తూ కరెంటు గ్రైండర్ పట్టుకునే భయం ఉండదు.