బెర్రీ పొడి కొంటున్నారా? డబ్బా వెనక చూడండి

డబ్బా ముందు రాసిన గొప్పలు వదిలేసి, వెనక పదార్థాల జాబితా చదవండి. మాల్టోడెక్స్‌ట్రిన్ మొదట్లోనే కనిపిస్తే మీరు కొంటున్నది చాలావరకు పిండిపదార్థమే. స్ప్రే డ్రైయింగ్‌లో, అంటే వేడి గాలిలోకి చిమ్మి ఆరబెట్టేటప్పుడు, పండురసం యంత్రం గోడలకు అంటుకోకుండా దాన్ని కలుపుతారు. ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి ఆరబెట్టిన) పొడికి సాధారణంగా ఆ అవసరం ఉండదు. పెద్దగా వేడి తగలదు కాబట్టి ఆంథోసయనిన్లు (బెర్రీలకు ఎరుపు, నీలం రంగునిచ్చే పదార్థాలు), విటమిన్ సి కూడా బాగా నిలుస్తాయి.

ఒక చిన్న లెక్క. తాజా బ్లూబెర్రీలో దాదాపు 84 శాతం నీరే. అంటే 5 గ్రాముల పొడి సుమారు 30 గ్రాముల పండుతో సమానం, గుప్పెడు కూడా కాదు. 100 గ్రాముల రాస్ప్‌బెర్రీలో 6.5 గ్రాముల పీచు, అంతే స్ట్రాబెర్రీలో దాదాపు 59 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. చెంచా పొడితో అంత ఎక్కడ వస్తుంది? తాజావి దొరక్కపోతే నా ఓటు ఫ్రోజెన్ బెర్రీలకే. కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాలు పెద్దగా పోవు.

పొడి వాడేవాళ్లు మరిగే పాలలో వేయకండి, గోరువెచ్చగా అయ్యాక కలపండి. తడి చెంచా అసలు పెట్టొద్దు, పండు చక్కెరలు తేమ పీల్చి రాయిలా గడ్డకడతాయి. వంటసోడా వేసిన పిండిలో బ్లూబెర్రీ ఆకుపచ్చగా మారితే కంగారు పడకండి, అది క్షారం వల్ల మారిన రంగే.

ఆకుపచ్చ పొడుల గురించి కూడా ఒక మాట. స్పిరులినా అనే నీటి నాచు పొడిలో కనిపించే బి12లో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని రూపం. శాకాహారులు దాని మీద ఆధారపడకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లయితే విటమిన్ కె ఉండే ఆకుపచ్చ పొడులు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగాలి.