వించెస్టర్‌లో బిషప్ గార్డినర్ సమాధి

లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే గంటకల్లా వించెస్టర్. నేను కథీడ్రల్‌కు వెళ్లింది ప్రధాన బలిపీఠానికి ఉత్తరాన ఉన్న, పదహారో శతాబ్దపు బిషప్ స్టీఫెన్ గార్డినర్ చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) కోసం.

బట్టల వర్తకుడి కొడుకు. కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివి, 1531లో ఇంగ్లండ్‌లోకెల్లా సంపన్నమైన ఈ మేత్రాసనానికి (బిషప్ అధికార పరిధికి) బిషప్ అయ్యాడు. అంతటివాడి సమాధి దగ్గర పట్టువస్త్రాలూ లేవు, బిషప్ కిరీటమూ లేదు. ఎముకలు తేలిన శవాన్ని రాతిలో చెక్కి పడుకోబెట్టారు. దక్షిణాన, అంతకుముందు బిషప్‌గా ఉన్న రిచర్డ్ ఫాక్స్ చాపెల్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఆ కాలపు మతాధికారుల అభిరుచి కాస్త భయపెట్టేదే!

1528లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ తన వివాహం రద్దు చేయించమని గార్డినర్‌ను పోపు ఏడో క్లెమెంట్ దగ్గరికి పంపాడు. రోము దోపిడీకి గురయ్యాక పోపు ఓర్వియేటోలో ఒక పాడుబడిన భవనంలో తలదాచుకుంటున్నాడు. ఆ దీనస్థితిలోనూ రాజు కోరిన తిరుగులేని ఆమోదం ఇవ్వలేదు. చివరికి హెన్రీ రోముతోనే తెగతెంపులు చేసుకున్నాడు. చర్చికి రాజే అధిపతి అని సమర్థిస్తూ 1535లో గార్డినర్ లాటిన్‌లో పుస్తకం రాశాడు. అదే మనిషి 1554లో హెన్రీ కూతురు, కాథలిక్ అయిన మేరీ రాణి ఛాన్సలర్‌గా (ఉన్నత మంత్రిగా) ఇంగ్లండ్‌ను మళ్లీ పోపు కిందికి చేర్చాడు.

అవకాశవాది అంటారు. నేను ఒప్పుకోను. మధ్యలో హెన్రీ కొడుకు, ప్రొటెస్టెంట్ అయిన ఆరో ఎడ్వర్డ్ పాలనలో ఆయన లండన్ టవర్‌లో అయిదేళ్లు బందీ, పదవీ పోయింది. సత్ప్రసాదంపై పాత విశ్వాసాన్ని, అంటే పూజలో రొట్టె, ద్రాక్షరసం క్రీస్తు శరీరం, రక్తంగా మారతాయన్న నమ్మకాన్ని మాత్రం వదల్లేదు. గాలివాటం మనిషి అన్నాళ్లు చెరలో కూర్చోడు. అయితే బయటికొచ్చాక, 1555లో ప్రొటెస్టెంట్ బోధకులను విచారించి మంటలకు అప్పగించినవారిలో ఆయనా ఉన్నాడు. చెర రుచి తెలిసీ ఆ పని చేశాడు; దానికి నా దగ్గర సమర్థన లేదు.

1554 జులై 25న మేరీకీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌కూ ఈ కథీడ్రల్‌లోనే పెళ్లి చేసింది గార్డినరే. ఆయనకు నచ్చిన వరుడు వేరు, ఇంగ్లండ్ కులీనుడు ఎడ్వర్డ్ కోర్ట్‌నీ. మాట నెగ్గకపోయేసరికి ఒప్పందంలో పట్టు బిగించాడు: ఫిలిప్‌కు రాజు బిరుదు ఉంటుంది, కానీ విదేశీయులకు ఇక్కడ పదవులివ్వకూడదు, స్పెయిన్ యుద్ధాల్లోకి ఇంగ్లండ్‌ను లాగకూడదు. నన్నడిగితే ఆయన దౌత్యంలో మేలైన పని ఇదే.

కథీడ్రల్ నుంచి కాసేపు నడిస్తే వుల్వ్‌సీ కోట శిథిలాలు. ప్రవేశ రుసుము లేదు. ఇది ఒకప్పుడు బిషప్‌ల నివాసం. తూర్పు హాలులో ఇప్పుడు గోడలే మిగిలాయి. ఇష్టంలేని ఆ పెళ్లికి విందు జరిగింది గార్డినర్ ఇంట్లో, ఈ హాలులోనే.