చిక్కుడు పందిరి, సరస్వతి ఆకు: రెండేళ్ల నా అనుభవం

మా ఇంటి వెనక గోడ పక్కన 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు నేల ఉంది. హైదరాబాద్ శివార్లలో అంతమాత్రం మట్టి దొరకడమే గొప్ప. పైన చిక్కుడు పందిరి వేసి, కింద మట్టి కనపడకుండా సరస్వతి ఆకు పాకిస్తే బాగుంటుందని ఎప్పటినుంచో ఆశ. కూరకి కాయలు, పచ్చడికి ఆకు, ఏడాది పొడవునా కంటికి పచ్చదనం.

రథసప్తమికి ఖమ్మం వెళ్లినప్పుడు అత్తయ్య పెరట్లో ఎండిన చిక్కుడుకాయలు ఒలిచి గుప్పెడు గింజలు ఇచ్చారు. ఎప్పుడు పెట్టాలో అడగలేదు, వచ్చిన వారంలోనే రాత్రంతా నానబెట్టి అంగుళం లోతున పెట్టేశాను. ఆరో రోజుకి మొలకలు. రెండు బలమైనవి ఉంచి మిగతావి తీసేశాను. నర్సరీ నుంచి తెచ్చిన సరస్వతి ఆకు తీగల్ని వాటి చుట్టూ నాటాను.

అప్పుడు చేసిన పొరపాటు, రెండింటికీ ఒకే లెక్క పెట్టడం. పొద్దున, సాయంత్రం నీళ్లు. పదిహేను రోజులకోసారి వర్మికంపోస్టు. సరస్వతి ఆకు వేళ్లు నేల పైపొరలోనే ఉంటాయి, ఒక్కపూట తడి ఆరితే ఆకు వాలిపోతుంది. అది చూసి టెన్షన్ పడి ఇంకా నీళ్లు పోసేదాన్ని. ఆ నీళ్లకి చిక్కుడు మొదలు దగ్గరి ఆకులు పసుపు తిరిగాయి. చిక్కుడు వేరు లోతుకి దిగుతుంది, దానికి తడికీ తడికీ మధ్య కాస్త ఆరుదల కావాలి. ఇంతచేసీ సరస్వతి ఆకైనా బాగుందా అంటే, పందిరి ఇంకా అల్లుకోలేదు కాబట్టి ఏప్రిల్ ఎండకి ఆకుల అంచులు కాగితంలా మాడిపోయాయి. ఉన్నవాటిలో నాలుగు తీగలు పెకలించి ఉత్తరం వైపు, బియ్యం కడిగిన నీళ్లు పారబోసే చోట గుచ్చాను.

చిక్కుడు మాత్రం విపరీతంగా ఎదిగింది. శ్రావణం వచ్చేసరికి పందిరి మీద సందు లేదు, కానీ ఒక్క పూత లేదు. బలం చాలలేదేమో అని ఇంకో రెండు దోసిళ్ల ఎరువు వేశాను. ఇంకా ఆకు వచ్చింది. ఆగస్టులో విసుగొచ్చి ఒక తీగని మొదలంటా కోసి, వేరు లాగేశాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధే.

వేళ్ల నిండా ఆవగింజంత, మిరియమంత బుడిపెలు. పురుగు పట్టిందనుకుని వ్యవసాయం చదివిన మా తమ్ముడికి వీడియో కాల్ చేసి చూపించాను. "ఒకటి గిల్లి చూడక్కా" అన్నాడు. తేలిగ్గా ఊడి వచ్చింది. గోటితో చీలిస్తే లోపల లేత గులాబీ రంగు. అది రోగం కాదు, గాలిలో నత్రజనిని మొక్కకి అందించే బాక్టీరియా ఇల్లు అని చెప్పాడు. నులిపురుగు బుడిపెలైతే వేరులోనే ఉబ్బి ఉంటాయి, అలా ఊడిరావట. చిక్కుడు తన నత్రజని తానే చూసుకుంటుంది, పైనుంచి మనం కుమ్మరిస్తే ఆకు మీదే ధ్యాస పెడుతుంది. ఆకు కోసం పెంచే మొక్కకి పెట్టిన తిండి, కాయ కోసం పెంచే మొక్కకి పెట్టకూడదని నాకు అప్పుడు అర్థమైంది.

పూత సంగతి మాత్రం అత్తయ్యే తేల్చారు. "మాఘంలో పెట్టావా? ఎంత ఎదిగినా ఇప్పుడే పూయదు తల్లీ. చలిగాలి తగలాలి. ఉన్నదాన్ని కొయ్యకు" అన్నారు. తమ్ముడు అదే మాటని ఇంకోలా చెప్పాడు. పాత రకాల పాదు చిక్కుడు రాత్రి పొడుగైతేనే పూస్తుంది. మన హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటల దగ్గరికి వస్తుంది. ఆ తేడా మొక్కకి తెలుస్తుంది. పగటి పొడవుతో పని లేకుండా కాసే పొట్టి రకాలు, అర్క జయ్, అర్క విజయ్ లాంటివి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లవి ఉన్నాయి. కుండీల్లో పెంచేవాళ్లకి అవి నయం. నాకు మాత్రం అత్తయ్య గింజే కావాలి.

ఎరువు మానేశాను. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దింపి, పొడిగా తగిలితేనే నీళ్లు. అక్టోబరు చివర, ఆకుల మధ్య నుంచి నిటారుగా ఊదారంగు పూత కాడలు లేచాయి. వరండా లైటు రాత్రంతా పడే వైపు మాత్రం ఆలస్యమైంది. ఆ లైటు పదింటికి ఆపేయడం మొదలుపెట్టాక అటూ పూసింది.

పూతతోపాటే నల్ల పేనుబంక. లేత చివుళ్ల మీద అతుక్కుని, చుట్టూ చీమలు. ముదిరిన చివుళ్లు తుంచేసి, మిగతావాటి మీద పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లాను. మూడోసారి చల్లబోతుంటే చిన్న మొసలి ఆకారంలో, నలుపు మీద నారింజ మచ్చలతో ఏవో పురుగులు కనిపించాయి. చంపేసేదాన్నే. అవి అక్షింతల పురుగు పిల్లలని, పేనుబంకని తినేది అవేనని తెలిసి చల్లడం ఆపేశాను. వారంలో చివుళ్లు శుభ్రపడ్డాయి.

ఉత్తరం వైపు పెట్టిన సరస్వతి ఆకు ఈలోగా నాలుగడుగులు పాకింది. తీగ నేలకి తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేరు, ఒక చిన్న ఆకుల గుత్తి. దానికి నెలకోసారి గుప్పెడు కంపోస్టు, ఎప్పుడూ తడి, పొద్దుటి ఎండ ఒక గంట చాలు. కోసేకొద్దీ లేత ఆకు వస్తుంది. నేలకి ఆని పెరిగేది కాబట్టి ఉప్పునీళ్లలో రెండుసార్లు కడిగి వాడతాను.

రెండో ఏడు ఆషాఢంలో గింజ పెట్టాను. చిక్కుడు మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, అడుగు మేర ఖాళీ వదిలి, ఆ అవతలే సరస్వతి ఆకు నాటాను, అదీ పందిరి నీడ పడ్డాకే. దాని నీళ్లు దానికి, చిక్కుడు నీళ్లు చిక్కుడుకి. ఇప్పుడు రెండూ ఒకచోటే ఉన్నాయి.

మొన్న రథసప్తమికి అత్తయ్యే మా ఇంటికి వచ్చారు. మా పందిరి కాయలకే చీపురుపుల్లలు గుచ్చి రథం కట్టారు. పెద్ద ఆకులు ఏడు ఏరి కడిగి, పరమాన్నం వాటిలో వడ్డించి సూర్యుడికి చూపించారు. తర్వాత పందిరి దగ్గర నిలబడి, "ఆ పైన ఉన్న నాలుగు కాయలూ కొయ్యకు, విత్తనానికి ఎండనీ" అన్నారు.