ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో ఒళ్లు కదిలించే వీడియో గేములు ఆడించడం ఎలా?

చికాగో, న్యూజెర్సీ వైపు డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. పార్కులకు వెళ్లలేని ఆ నెలల్లో నింటెండో స్విచ్ లాంటి వీడియో గేమ్ యంత్రాలు పిల్లల చేత వ్యాయామం చేయించడానికి నిజంగా పనికొస్తాయి. కాకపోతే చాలా ఆటల్లో ఆ యంత్రానికి తెలిసేది చేతిలో ఉన్న కంట్రోలర్ కదలిక ఒక్కటే. పిల్లవాడి ఒళ్లు ఎలా కదిలిందో మనమే చూసుకోవాలి.

స్విచ్ స్పోర్ట్స్ అనే ఆటలోని బౌలింగ్‌లో మణికట్టు విదిలించినా బంతి దొర్లుతుంది. జస్ట్ డాన్స్ అనే డాన్సు ఆటను జాయ్-కాన్‌తో (స్విచ్ చేతి కంట్రోలర్‌తో) ఆడితే కుడిచేతికే మార్కులు, సోఫాలో కూర్చుని ఊపినా పడతాయి. పిల్లలు ఈ కిటుకు ఇట్టే పట్టేస్తారు. అందుకే ముందుగా ఫిజికల్ థెరపిస్టును అడగండి: ఈ నెల ఏ కదలిక మీద పనిచేయాలి? బరువు ఎడమకాలి మీదకు మార్చడం కావాలనుకుందాం. నేలమీద రంగు టేపుతో పాదం గుర్తు వేసి, ఎడమ పాదం దానిమీద పడ్డాకే చెయ్యి ఊపాలని నియమం పెట్టండి. పిన్నులు ఎన్ని పడినా, పడకపోయినా, మెచ్చుకోవలసింది ఆ అడుగునే. మొదట్లో ఐదు నిమిషాలు చాలు. అలసిపోయిన పిల్లలు మళ్లీ పాత అడ్డదారిలోకి జారిపోతారు, అది కనిపించగానే ఆపేయాలి.

పట్టు చాలని చేతికి కంట్రోలర్‌ని వెల్క్రో పట్టీతో కట్టవచ్చు. మణికట్టు తాడు మాత్రం ఎవరికైనా తప్పనిసరి.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం కాబట్టి, కాలికి ఏఎఫ్‌వో బ్రేసు (చీలమండను, పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ) ఉన్న పిల్లలు బూట్లు లేకుండా దాంతోనే నున్నటి నేలమీద ఆడి జారిపడతారు. ఇంట్లో వాడటానికి విడిగా ఒక జత బూట్లు ఉంచండి.

అపార్టుమెంటులో కిందివాళ్లకు చప్పుడు ఇబ్బందైతే రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే వ్యాయామపు ఆటలో సైలెంట్ మోడ్ ఉంది. పరుగు బదులు మోకాళ్లు వంచి లేస్తే సరిపోతుంది. మోకాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లకు మాత్రం అదే కష్టం.

ఆటిజం ఉన్న పిల్లలకు ఆట మొదలుపెట్టడం కన్నా ఆపడం కష్టం. నిమిషాలు చెప్పేకంటే ముగింపు కళ్లకు కనిపించే ఆట ఎంచుకోవడం మేలు. బౌలింగ్‌లో పది ఫ్రేములు (వంతులు) కాగానే ఆట దానంతటదే అయిపోతుంది. సంగీతం తగ్గించి, సెట్టింగ్స్‌లో కంట్రోలర్ వైబ్రేషన్ ఆపేస్తే చాలామంది కుదుటపడతారు. మూర్ఛ వచ్చిన పిల్లలైతే న్యూరాలజిస్టుని అడిగాకే మొదలుపెట్టాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది కనుక, మెడ విసురుగా తిప్పే డాన్సులు, దొర్లే ఆటలు డాక్టర్ చూసి సరేనంటేనే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు "వీడికి మళ్లీ టీవీయేనా" అని బాధపడతారు. రెండో కంట్రోలర్ వాళ్ల చేతికివ్వండి, బౌలింగ్ కుర్చీలో కూర్చునైనా ఆడొచ్చు. పిల్లవాడికి తన వంతు కోసం ఆగడం అలవాటవుతుంది. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకు మాట ఆలస్యమవుతుందన్న భయం అక్కర్లేదు, పరిశోధనల్లో అలాంటి నష్టమేమీ తేలలేదు. కాబట్టి "కాలు ముందుకు", "వంగు", "ఊపు", "ఆగు" అని తెలుగులోనే చెప్పొచ్చు. అయితే ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి. ఆ నాలుగు మాటలూ కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి, బడిలోని థెరపిస్టుకీ అర్థాలతో ఒక కాపీ ఇవ్వండి.